చెయ్యి వెళ్ళే చోటు

ఆమెకు కుదురుగా కూర్చోవడం చేతకాదు. అందుకే ఆఫీసులో బొంగరం అని పేరు పడింది. ఫోను మాట్లాడుతూ నడుస్తుంది, ఆలోచిస్తూ కప్పులు కడుగుతుంది, కోపమొస్తే పక్కవాళ్ళ బల్ల సర్దేస్తుంది. ఇంట్లోనూ అంతే. తల్లికి చూపు పూర్తిగా మసకబారింది. అయినా వంటింట్లో ఏదో ఒకటి జరపందే ఈమెకు ఊపిరాడేది కాదు.

ఒకరోజు తల్లి అలవాటుగా మంచినీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాచింది. గ్లాసు ఉండే చోట అప్పుడే దించిన పాలగిన్నె ఉంది. వేళ్ళు చురుక్కుమన్నాయి.

"గ్లాసేదే?"

"కిటికీ దగ్గర పెట్టానమ్మా. అక్కడైతే అడ్డం లేకుండా ఉంటుందని."

"నాకు చెప్తే కదా తెలిసేది," అంది తల్లి, వేళ్ళు ఊదుకుంటూ.

ఆ వారమే ఆఫీసుకు ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. వీళ్ళు తయారుచేసే యంత్రం రోగి మంచం పక్కన ఉండి, గుండె కొట్టుకోవడాన్ని తెర మీద ఆకుపచ్చ గీతగా చూపిస్తుంది. అందులో తీగల నుంచి గుండె చప్పుళ్ళను అందుకునే కార్డుకూ కంప్యూటరుకూ మధ్య పని నడిపే డ్రైవరు ప్రోగ్రాము ఆమె రాసిందే. కబురేమిటంటే, యంత్రం చాలాసేపు నడిచాక నర్సు రోగి ఒంటి మీంచి తీగలు తీసేసింది. తెర మీద గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంది.

"కేబులు మార్చి చూశా," అన్నాడు టెస్టింగ్ చూసే మీసాలాయన. "మనిషితో పని లేకుండానే బతికేస్తోంది మన గుండె."

ఆమెకు నవ్వు రాలేదు. ఆగిపోయిన గుండె ముందు ఆ గీత అలాగే ఎగిరి పడుతుంటే? నర్సు తెరను చూసి నిశ్చింతగా వేరే మంచం దగ్గరికి వెళ్ళిపోతే? రెండు రోజులు అన్నం సయించలేదు. వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉంది.

చివరికి దొరికింది. కార్డుకు చూపు లేదు. అందుకున్న చప్పుళ్ళను మెమరీలో ఫలానా పేజీలో, అంటే ఫలానా అరలో, పొయ్యమంటే అక్కడే పోస్తుంది. మెమరీని సర్దే కెర్నెల్, ఖాళీలన్నీ ఒకచోటికి చేర్చాలని ఆ పేజీని ఎత్తి ఇంకోచోట పెట్టింది. కార్డుకు ఎవరూ చెప్పలేదు. అది పాతచోటే పోస్తోంది. తెరేమో కొత్తచోట ఉండిపోయిన పాత చప్పుళ్ళనే తిప్పితిప్పి చూపిస్తోంది. పేజీని కదపొద్దని ముందే పట్టి ఉంచాలి, అంటే పిన్ చెయ్యాలి. ఆ ముక్క తన డ్రైవరులో లేదు.

ఇక భయం పట్టుకుంది. కనబడ్డ ప్రతి పేజీనీ పిన్ చేసింది, రోజంతా దాచిన పాత గీతలతో సహా. అదే ఊపులో ఇంట్లో డబ్బాలకూ, సీసాలకూ, కుర్చీ కాళ్ళకూ టేపు వేసింది.

"నన్ను కూడా గోడకి అంటించెయ్యవే, ఓ పనైపోతుంది," అంది తల్లి, ఊడిరాని ఉప్పు డబ్బాతో కుస్తీ పడుతూ.

మర్నాడు మీసాలాయన వచ్చాడు. "గీత బంగారంలా ఉంది బొంగరం గారూ. రిపోర్టు మాత్రం ప్రింటవదు. మెమరీ లేదంటోంది."

"బోలెడు ఖాళీ ఉండాలే?"

"ఉంది. ఇక్కడింత, అక్కడింత. రిపోర్టుకి అంతా ఒకేచోట కావాలి. మధ్యమధ్య పేజీలకి మీరు మేకులు కొట్టి కూర్చోబెట్టారు. జరగమంటే జరగవు."

ఆమె మళ్ళీ వరండా పట్టింది. కార్డు చెయ్యి నిజంగా వెళ్ళేది ఏ పేజీల్లోకి? గుప్పెడు కూడా లేవు. వాటిని సర్దుబాటుకు అడ్డురాని చోట ముందే కూర్చోబెట్టి, అక్కడ పిన్ చేసింది. మిగతావన్నీ వదిలేసింది. యంత్రం ఆపగానే ఆ గుప్పెడూ వదిలెయ్యాలని కూడా రాసింది.

కెర్నెల్ సర్దక తప్పని పరిస్థితి తేవాలని మీసాలాయన తీగలు తన ఒంటికే తగిలించుకుని, మెమరీలో వేరే పనులు కుక్కాడు. ఆమె చూడలేక అతని బల్ల సర్దసాగింది.

"నా టీ కప్పేది?"

"సొరుగులో."

"సొరుగులో టీ కప్పా తల్లీ? సరే, తీగలు పీకుతున్నా. ఇటు చూడండి."

గీత చదునైపోయింది. ఆమె బల్ల పట్టుకుని నిలబడింది. అంత మంచి గీతను ఆమె ఎన్నడూ చూడలేదు.

సాయంత్రం ఇంటికెళ్ళి టేపులన్నీ పీకేసింది. గ్లాసు, మందుల డబ్బా, చేతికర్ర మాత్రం తల్లి చెప్పిన చోట పెట్టింది.

"ఇవి మూడూ ముట్టుకోనమ్మా. ఇంకేది జరిపినా చెప్తాను."

"చెప్పకుండా ఉండగలవా? వాగుడుకాయవి," అంది తల్లి. చెయ్యి చాచింది. గ్లాసు దొరికింది.

ఆ తరవాత తల్లి ఎక్కువ కాలం బతకలేదు. ఆమె ఇప్పటికీ ఫోను మాట్లాడుతూ వంటింట్లో తిరుగుతుంది, డబ్బాలు అటువి ఇటు పెడుతుంది. "ఇది జరిపానమ్మా" అని నోరు జారుతుంది కూడా. గట్టు తుడుస్తూ తల్లి గ్లాసు దాకా వచ్చినప్పుడు గుడ్డ దాని చుట్టూ తిరిగి ముందుకు పోతుంది.