పసుపు పూసిన కప్ప

బీఎస్సీలో నాకు అచ్చొచ్చింది జువాలజీ ఒక్కటే. కెమిస్ట్రీ ఏడిపించేది, బాటనీ నిద్రపుచ్చేది. నా వేలి నెత్తుటి చుక్కను మైక్రోస్కోపు కింద చూసుకున్న రోజు నుంచి ఏదో ఒక ఆస్పత్రి ల్యాబులో పనిచేయాలన్న ఆశ పట్టుకుంది. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి రోజూ బస్సులో వెళ్లేదాన్ని. సీటు దొరికితే పుస్తకం తెరిచేదాన్ని, దొరక్కపోతే ఎవరిదో మూటకు ఆనుకుని నిలబడేదాన్ని.

మా నాయన మగ్గం నేసేవాడు. ఆడపిల్లను డిగ్రీకి పంపినందుకు వీధిలో ఆయన్ను ఆటపట్టించేవాళ్లు. ఆయన నాకు పెట్టిన షరతు ఒకటే. "పరీక్ష తప్పితే వచ్చి మగ్గం గుంతలో కూసో. మళ్లా రాసేది గీసేది లేదు." మా నాయన ఒకసారి అన్నాడంటే అన్నట్టే.

రెండో ఏడు పరీక్షలు సమ్మెల వల్ల వెనక్కిపోయి జులైలో పడ్డాయి. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కాలువకు నీళ్లు వదల్లేదు. ప్రాక్టికల్స్‌కు కప్పలు పట్టి తెచ్చే మనిషి చేతులెత్తేశాడు. ఎవరి కప్పను వాళ్లే తెచ్చుకోవాలని, కప్ప లేనివాళ్లకు డిసెక్షన్ మార్కులు లేవని మా లెక్చరరు చెప్పేశాడు. ఆ మార్కులు పోతే తప్పినట్టే.

తడి కనబడిన చోటల్లా వెతికాను. నూలుకు రంగులు వేసేవాళ్ల పెరడు, బట్టలుతికే బండలు, అన్నీ అయ్యాయి. చివరికి మా వీధి కొళాయి కింద బండ సందులో దొరికింది, బాగా బలిసిన కప్ప. కుండలో తడి గోనెపట్ట వేసి, దాన్ని అందులో పెట్టి, మా అవ్వకు అప్పజెప్పాను. పొద్దంతా రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది ఆమే కదా.

"కప్పకు కాపలానా? ఇదేం సదువే పాపా!" అంది అవ్వ. అన్నదే గానీ గోనెపట్ట ఆరనివ్వలేదు.

ప్రాక్టికల్‌కు ముందురోజు రికార్డు మీద సంతకం కోసం ఆదోనికి వెళ్లి సాయంత్రం ఇల్లు చేరేసరికి కుండ ఖాళీగా ఉంది. వీధిలో ఆడవాళ్లు పాడుకుంటూ వస్తున్నారు. ఇద్దరు భుజాల మీద రోకలి మోస్తున్నారు. రోకలి నడుమ వేపరెమ్మలు, తడిగుడ్డ, ఆ గుడ్డలో పసుపు కుంకుమలతో నా కప్ప.

వానలు లేనప్పుడు మా వైపు చేసేదే అది. కప్పను రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పుతారు, ప్రతి ఇంటివాళ్లూ దాని మీద నీళ్లు పోస్తారు. చివర్న నీళ్లలో వదిలేస్తారు. వదిలితేనే వాన అని నమ్మకం.

"నా కప్పను ఎవరిచ్చారు?" అని అరిచాను.

"నేనే ఇస్తి," అంది అవ్వ. "ఊరంతా ఎతికినా ఇంగొగటి దొరకల్యా. వాన కోసరం అడిగితే లేదంటానా? నీ పరీక్ష రేపు గదా!"

"ఈ రోజే నీళ్లలో వదిలేస్తారు గదవ్వా!"

ఆ సంగతి అవ్వకు అప్పుడే తట్టినట్టుంది.

ఒళ్లు మండిపోతుంటే గుంపు వెనకాలే నడిచాను. కొళాయి దగ్గర బిందెడు నీళ్లకు జుట్లు పట్టుకునేవాళ్లు ఆ కప్పకు చెంబులకు చెంబులు పోశారు. పోయనీలే, ఎండకు చావకుండా ఉంటుందని నేను లోపల లెక్క వేసుకున్నాను. అన్ని ఇళ్లూ తిరిగాక కప్పను విప్పి, పెద్దదానివి నువ్వే బావిలో వదిలి రమ్మని అవ్వ చేతికే ఇచ్చారు.

బావి దాకా ఇద్దరమే వెళ్లాం. నాకు ఏడుపు ఆగలేదు. అవ్వ గట్టు మీద చాలాసేపు నిలబడింది. తర్వాత బావి వైపు తిరిగి లెంపలేసుకుని, కప్పను కొంగులో చుట్టుకుంది.

"ఎవురితోనూ అనొద్దు," అంది.

మర్నాడు మైనం పోసిన ట్రేలో కప్పను వెల్లకిలా పరిచి సూదులు గుచ్చాను. ఎంత కడిగినా పసుపు పూర్తిగా పోలేదు. కోస్తా నుంచి వచ్చిన ఎగ్జామినరు వంగి చూసి, "ఏమ్మా, దీనికి కామెర్లా?" అన్నారు.

"పూజ చేశారు సార్."

"పాస్ కావాలని కప్పకు పూజ చేసినవాళ్లను ఇప్పుడే చూస్తున్నాను," అన్నారు. హాలంతా ఒకటే నవ్వు. నాకు తిక్క రేగింది, కానీ కత్తెర చేతిలో ఉంది. రక్తనాళం ఒక్కటి కూడా తెగకుండా కోసి చూపించాను.

ఆగస్టు కూడా ఎండగానే గడిచింది. చేలల్లో శనక్కాయ విత్తనం పడలేదు. అరుగు మీద ఆడవాళ్లు ఆకాశం మాట ఎత్తితే అవ్వ లేచి లోపలికి వచ్చేసేది. తర్వాత అరుగు మీదికి పోవడమే మానేసింది. ఫలితాలు వచ్చినప్పుడు నాయన, "సరే, బస్సు పాసు తీసుకో," అన్నాడు. అవ్వ మాత్రం నా తల నిమిరి, కిటికీలోంచి పైకి చూసింది.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం దబదబా వాన పట్టుకుంది. చూస్తే రాట్నం దగ్గర అవ్వ లేదు. వీధి నడుమ నిలబడి తడుస్తోంది, ఏడుస్తోంది. జ్వరం వస్తుంది రమ్మని చెయ్యి పట్టుకున్నాను.

"ఇన్నాళ్లూ నేనే ఆపినాననుకుంటినే పాపా," అంది. "నీ పాసు కోసరం ఊరికి వాన లేకుండా జేస్తినని."

వానకూ కప్పకూ సంబంధం లేదని చెప్పేపాటి చదువు నా దగ్గర ఉంది. అయినా ఆమె పక్కనే నిలబడి నేనూ తడిశాను.

కాసేపటికి అవ్వ కొంగు పిండుకుని ముక్కు చీదుకుంది. "మళ్లా పరీక్షొస్తే మళ్లా అట్లే జేస్తాలే, ఏం జేద్దాం," అని లోపలికి నడిచింది.