రాతి జంతువులో పూలి అడిగిన వాటా

దుమ్ముగూడెం అవతలి కోయగూడెంలో పూలి యాభై ఏళ్ల మనిషి. బావులు తవ్వేచోట బండలు చీల్చడం ఆమె పని. ఆమె సుత్తి పట్టిందంటే ఎంత మొండి రాయైనా పొరపొరగా విడిపోవాల్సిందే. సర్కారు కాగితాల్లో మాత్రం ఆమె ‘నైపుణ్యం లేని కూలీ’. ఆ మాట రాసినవాళ్లెవరూ ఆమె పని చూసి ఉండరు.

పోయిన వేసవిలో గూడెం బావి తవ్వుతుంటే ఒక బండ అంచున సన్నటి ఎముకల తోక కనబడింది. ఇంకొకరైతే పగలగొట్టి గట్టున పడేసేవారు. పూలి దానిమీద గోనెసంచి కప్పి, బడి పంతులుతో కబురు చేయించింది. మూడో రోజు ఖమ్మం నుంచి కాలేజీ లెక్చరర్ ఫ్లోరెన్స్, ఆమె విద్యార్థి సతీష్ వచ్చారు.

సతీష్ బండకు ఉలి ఆనించాడు.

“ఆగు బిడ్డా! గట్ల కొడితే తల ఒకదిక్కు, తోక ఒకదిక్కు పోతది. గిదేమన్న కొబ్బరికాయనా?” అంది పూలి.

“మరెట్ల పెద్దమ్మా?”

“ముందుగాల నీళ్లు తే.”

బండను తడిపి ఎండలో ఆరనిచ్చింది. అంతా ఆరినా ఒకచోట నల్లటి తడిగీత మిగిలింది. పొర విడిపోయేది అక్కడే. ఆ గీత వెంట చిన్నచిన్న దెబ్బలు వేస్తూ పోయింది. బండ రెండు పలకలైంది. ఒకదానిపై జానెడు జంతువు ఎముకలు, రెండోదానిపై దాని అచ్చు. కప్ప తల, బల్లి తోక. ఒక్క వేలూ విరగలేదు.

“ఇరవై కోట్ల ఏళ్ల నాటిది కావచ్చు. కప్పకు దూరపు చుట్టం,” అంది ఫ్లోరెన్స్.

పలకలు జీపెక్కించబోతే పూలి ఒకదానిమీద చెయ్యి వేసి కూర్చుంది.

“వేటల జంతువును ముందు చూసినోళ్లకు వాటా ఉంటది మేడమ్. మా గూడెం కట్టుబాటు. దీన్ని చూసింది నేను.”

“ఇది తినేది కాదు కదా పెద్దమ్మా!” సతీష్ నవ్వాడు.

“నీ మొకం! తిననీకి కాదు, మా పిల్లలు చూడనీకి. ఈడికెల్లి ఇసుక పాయె, వెదురు పాయె. ఒక్కటన్న తిరిగొచ్చిందా?”

రెండు పలకలూ పక్కపక్కన పెట్టి చూస్తేనే పరిశోధన సాగుతుందని చెప్పింది ఫ్లోరెన్స్.

“అయితే ఈడనే చూడుండ్రి. అంబలి పోస్త.”

రెండు రోజులున్నారు. కొలతలు, ఫొటోలు తీసుకున్నారు. అచ్చుకు ప్లాస్టర్‌తో నకలు చేసుకున్నారు. ఎముకల పలక, ఆ నకలు ఖమ్మం వెళ్లాయి. అచ్చు పలక గూడెం బడిలో ఉంది. మొన్న పిల్లలు దాని కాలివేళ్లు తడుముతూ లెక్కపెడుతుంటే పంతులు గద్దించాడు.

“ముట్టనియ్యి సారూ,” అంది గుమ్మంలో నిలబడ్డ పూలి, “మనదే గదా.”