కోడలి మీద ఫిర్యాదు

నేను ఈ వృద్ధాశ్రమానికి మేనేజర్ని. చాలాకాలంపాటు ఒక్క పూటైనా వేడి టీ తాగిన పాపాన పోలేదు. కారణం వార్డెనమ్మ. ఆవిడ ఒకప్పుడు ఆడపిల్లల హాస్టల్ వార్డెన్. ఉద్యోగం మానేసి ఏళ్లయినా ఆ అజమాయిషీ మాత్రం ఆవిణ్ణి వదల్లేదు. నేను కప్పు నోటిదాకా తెచ్చే వేళకి సరిగ్గా తలుపు తోసుకుని లోపలికి వచ్చేది, ఆయాసపడుతూ, నుదుటి నిండా చెమటతో.

"మేనేజరుగారూ, ఆ పిల్లని ఉంచుతారా, నన్ను ఉంచుతారా?"

ఆ పిల్లకి యాభై దగ్గర పడుతున్నాయి. మా దగ్గర పెద్దవాళ్లచేత వ్యాయామం చేయించే టీచరు. వార్డెనమ్మకి స్వయానా కోడలు. కొడుకు పోయాక అత్తని ఇంట్లో ఒంటరిగా వదిలి పనికి రాలేక, తను పనిచేసే చోటికే తెచ్చి చేర్చింది. ఇంట్లో తెమలని అత్తాకోడళ్ల తగువుని నేను జీతమిచ్చి మరీ ఆఫీసులో పెట్టుకున్నట్టయింది.

వార్డెనమ్మకి మతిమరుపు మొదలైందని డాక్టరు ముందే చెప్పాడు. రోజూ చెమట పట్టేలా, గుండె కాస్త జోరుగా కొట్టుకునేలా నడిపిస్తే తెలివి ఇంకొంతకాలం నిలబడొచ్చన్నాడు, ఖాయంగా మాత్రం చెప్పలేనన్నాడు. లేకపోతే పై అంతస్తే. తమ గది ఏదో తెలియనివాళ్లని అక్కడ ఉంచి తలుపుకి గడియ పెడతాం. ఇంత చెప్పినా ఈవిడ కదిలితేనా. అందరూ హాల్లో పాట పెట్టుకుని అడుగులు వేస్తుంటే, గోడవారగా కుర్చీలో బిగుసుకు కూర్చునేది.

"పనీపాటా లేకుండా కాళ్లూపడం నాకు చేతకాదు."

ఫిర్యాదులకి మాత్రం కాళ్లొచ్చేవి. తడి తువ్వాలు పరుపు మీద పడేసిందని ఒకరోజు, కర్టెన్ తిరగేసి తగిలించిందని ఇంకోరోజు, చెప్పులు చెల్లాచెదురు చేసిందని మరోరోజు. నేను కోడల్ని పిలిచి చీవాట్లు పెట్టేవాణ్ణి. ఆమె తలొంచుకుని, "సరే సార్" అనేది. మర్నాడు మళ్లీ అదే పని. ఒకరోజు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"రేపట్నుంచి మీరు పక్క భవనంలో పనిచేయండి. ఆవిడ జోలికి వెళ్లకండి."

ఆమె మొదటిసారి తలెత్తింది.

"సార్, అత్తయ్య గది వరండా ఆ చివర ఉంది, మీ ఆఫీసు ఈ చివర. బతిమాలితే ఆవిడ కూర్చుంటుంది. ఒళ్లు మండితే నడుస్తుంది. వెనక్కి వెళ్లేటప్పుడైతే ఇంకా జోరు, నన్ను దులిపేద్దామని. ఇన్నేళ్లు కాపురం చేశాను, ఆవిడకి దేనికి మండుతుందో నాకు తెలీదా?"

"ఈ ముక్క నాకు ముందే చెప్పి ఏడవొచ్చుగా?"

"చెప్తే మీరు నవ్వేస్తారు సార్. మీరు చిరాకుపడకపోతే ఆవిడ నమ్మదు."

అంటే ఇన్నాళ్లూ చల్లారిన నా టీ కూడా ఆ వ్యాయామంలో భాగమే. నాకు చెప్పలేనంత ఉక్రోషం వచ్చింది.

"రోజూ తిట్లు తినడం మీకు కష్టంగా లేదా?" అని అడిగాను.

"ఆవిడకి నా పేరు గుర్తులేదు సార్. కోపం ఒక్కటే గుర్తుంది. అది ఉన్నన్నాళ్లూ నేను కోడల్నే."

బదిలీ మాట మళ్లీ ఎత్తలేదు. రోజూ చిరాకుపడ్డాను. అందుకు నేను పెద్దగా నటించాల్సిన పనేమీ లేకపోయింది.

కొన్ని నెలల తర్వాత ఒక పొద్దున టీ వేడిగా గొంతు దిగింది. కప్పు ఖాళీ అయ్యాక గానీ నాకు భయం వేయలేదు. గబగబా ఆవిడ గదికి వెళ్లాను. తడి తువ్వాలు దిండు మీద ఉంది, కర్టెన్ తిరగేసి ఉంది, చెప్పులు చెరో మూలా ఉన్నాయి. వార్డెనమ్మ మంచం మీద కూర్చుని కోడలి చేయి నిమురుతోంది.

"ఎంత మంచిదానివమ్మా. ఎవరమ్మాయివి నువ్వు?"

పెళ్లయిన నాటినుంచి ఆ నోట ఒక్క మంచి మాట వినని మనిషి ఆమె. ఇప్పుడు విని, మొహంలో నెత్తురుచుక్క లేకుండా నిలబడింది. తర్వాత చేయి విదిలించుకుంది.

"నేనేం మంచిదాన్ని కాదు. మీ హాస్టల్ పిల్లలు బురదకాళ్లతో భోజనాల గదిలో తిరుగుతున్నారు. వార్డెన్ నిద్రపోతోందా?"

వార్డెనమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. మంచం పట్టుకుని లేచింది. "ఎవరే నన్నంత మాటన్నది?" అంటూ వరండాలోకి నడిచింది. కోడలు కళ్లు తుడుచుకుంటూ వెనకే వెళ్లింది. నేను పెరటి దారిన పరిగెత్తి, నా కుర్చీలో కూలబడి, ఖాళీ కప్పు నోటిదాకా ఎత్తి పట్టుకున్నాను.

తలుపు తెరుచుకుంది. ఆవిడ నుదుటి మీద చెమట పట్టింది.

"మేనేజరుగారూ..." అని ఆగిపోయింది. ఎందుకొచ్చిందో మరిచిపోయింది.

గుమ్మంలోంచి కోడలు మెల్లగా అందించింది. "నా మీద చెప్పడానికి వచ్చారు అత్తయ్యా."

"ఆఁ, ఈ పిల్లే. ఏదో చేసింది. గట్టిగా తిట్టండి."

చేతనైనంత గట్టిగా తిట్టాను. కోడలు తలొంచుకుని, "సరే సార్" అంది.