డెక్కల వదినకు పడని ఆవిరి

మా ఎదురింటి మేడమీద గదిలో ఉండే ఆవిణ్ణి వీధంతా డెక్కల వదిన అంటుంది. సముద్రపు ఒడ్డు హోటల్లో లాబ్‌స్టర్లు, అంటే పీతలకున్నట్టు ముందు రెండు పెద్ద డెక్కలుండే సముద్రపు రొయ్యల్లాంటివి, వండటం ఆవిడ పని. ఉడికిన లాబ్‌స్టర్ డెక్కను చితక్కొట్టి కండ తీసేవాళ్ళు ఎందరైనా ఉంటారు. డెక్క ఆకారం చెడకుండా, కొస తెగకుండా లోపలి కండ మొత్తం ఒక్క లాగుకు తీసేది మాత్రం ఆవిడొక్కతే. అదెలాగని నేను అడగని రోజు లేదు.

"డెక్కకు రెండు వేళ్ళుంటాయి. ముందు చిన్నవేలు విరవాలి పిన్నీ, అప్పుడు పెద్దది మాట వింటుంది. అత్తారింట్లోనూ అంతే" అని నవ్వేది. అదే హోటల్ వంటింట్లో గిన్నెలు తోమే వాళ్ళాయన, "నన్ను మాత్రం మొదటిరోజే విరిచేసింది" అనేవాడు.

ఒకరోజు ఆవిడ మూతి వాచి మెట్లు దిగుతోంది.

"ఏమే, తేనెటీగ గాని ముద్దు పెట్టిందా?" అన్నాను.

నవ్వలేదు. మెడ నిండా దద్దుర్లు. నేను ఊరుకుంటానా? చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను.

"లాబ్‌స్టర్ ఆవిరి తగిలితే గొంతు పట్టేస్తోంది. ఎవరితోనూ అనకు పిన్నీ."

నాకు చెప్పి ఎవరితోనూ అనకు అనడం, జల్లెడలో నీళ్ళు పోసి కారకు అనడమే. అయినా ఆ ఒక్క మాటా కడుపులో దాచుకుని, ఆవిణ్ణి డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను.

"ఇది నీ ఒంటికి పడటం లేదమ్మా. తినకూడదు, వండకూడదు, ఆ ఆవిరి పీల్చకూడదు" అన్నాడాయన.

"చిన్నప్పట్నించీ తింటున్నదాన్ని. ఇప్పుడెందుకు పడదు?"

"ఏళ్ళ తరబడి ఆ ఆవిరి పీల్చావు కదా. అందుకే."

దారిలో ఆవిడ, "అత్తగారు పడలేదని కాపురం మానేస్తామా? కొంచెం కొంచెంగా అలవాటు చేసుకోవాలి" అంది. నేను వేళాకోళమనుకున్నాను. కాదు. కారానికి మండే చేతిని కారమే మొద్దుబారుస్తుందని వంటవాళ్ళ నమ్మకం. ఆ లెక్కనే రోజూ పొయ్యి వెలిగించే ముందు గోరంత లాబ్‌స్టర్ ముక్క నోట్లో వేసుకునేది. పెదాలు జివ్వుమంటే, పనిచేస్తోందనుకుని మర్నాడు ఇంకాస్త పెద్ద ముక్క.

ఒక మధ్యాహ్నం పొయ్యి పక్కనే కూలిపోయింది. వాళ్ళాయన సబ్బు చేతులతోనే ఎత్తుకుని పరుగెత్తాడు. ప్రాణం నిలిచింది. అంతే, ఇంకేమీ నిలవలేదు.

యజమాని చెడ్డవాడు కాదు. కూరగాయలు తరిగే బల్ల దగ్గర కూర్చోమన్నాడు. ఆవిరికి బల్లేమిటి, పొయ్యేమిటి? గుమ్మంలోనే ఉబ్బసం కమ్మి వెనక్కి వచ్చేసింది. వేరే హోటళ్ళకు వెళితే, "ఏం వచ్చు నీకు?" అని అడిగారు. వచ్చిందల్లా లాబ్‌స్టరే. వాళ్ళాయన ఇప్పుడు హోటల్ నుంచి వచ్చి, ఆ వాసన పోయేలా మా పెరట్లో స్నానం చేసి, మా ఇంట్లో దాచిన బట్టలు కట్టుకుని గాని మేడెక్కడు. అయినా ఆయన జుట్టు వాసనకు ఆవిడ దగ్గుతుంది. మెట్లమీదే కూర్చుని బయట కొన్న అన్నం పొట్లం విప్పుతాడు.

"తిన్నావా?" అని కిందినుంచి అడుగుతాడు.

"నువ్వు తిను" అంటుంది, తలుపు వెనకనుంచి.

పోయిన వారం ఉండబట్టలేక పైకి వెళ్ళాను. పొయ్యి చల్లగా ఉంది.

"ఏమే, ఉత్త అన్నమైనా వండుకోవేం? దానివల్ల నీకేమీ కాదని డాక్టరు చెప్పాడుగా!"

"తెలుసు పిన్నీ. మూత తియ్యాలంటేనే చెయ్యి రావడం లేదు. లోపల ఉన్నది అన్నమే అని ఎంత చెప్పుకున్నా, గొంతు ముందే మూసుకుపోతోంది."

అప్పట్నించీ పొద్దున్నే వెళ్ళి అన్నం నేనే పొయ్యిమీద పెడుతున్నాను. ఉడికాక మూత నేనే తీస్తాను. ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయట మెట్టుమీద నిలబడుతుంది.

"ఆవిరి పోయిందా పిన్నీ?"

"పోయిందే, రా."

రాదు. అన్నం చల్లారిపోతుంది. మళ్ళీ అడుగుతుంది.