కొడుకు ఆయనకు, బిడ్డ ఆమెకు

పోయిన నెల పెర్కిట్‌లో, రోడ్డు పక్కనున్న ఫంక్షన్ హాలులో మా చెల్లెలి మనవడి పెళ్లికి వెళ్లాను. తాళి కట్టడం అయ్యాక అయ్యగారు మైకులో, కొంగుముడి వేయాలి, పిల్లవాడి అక్కగాని చెల్లెగాని రావాలని పిలిచారు. ఆ అక్క నా పక్కనే, మూడో వరుసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. లేవలేదు. ఆమె లేవాలని ఎవరూ ఇటు చూడనూ లేదు. పిల్లవాడి చిన్నాన్న కూతురు చకచకా వెళ్లి ముడివేసి, కట్నంగా పెట్టిన చీర అందుకుని ఫోటో దిగింది.

"నేను పోతే గీమె ఎవరని అడుగుతరు తాతా," అన్నది నా పక్కనున్న పిల్ల, తన చెప్పుల వైపు చూసుకుంటూ.

మన ఈడు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు, మొగుడూ పెళ్లాలు విడిపోవాలంటే ఆ రోజుల్లో ఎవరికీ కోర్టు గుర్తొచ్చేది కాదు, పెద్దమనుషులే గుర్తొచ్చేవారు. ఆర్మూరు చుట్టుపక్కల ఆ పెద్దమనుషులందరిలోకీ నాకే గిరాకీ ఎక్కువని, నేను రానిదే పంచాయితీ మొదలయ్యేది కాదని చాలా ఏళ్లు చెప్పుకు తిరిగాను. వకీలు గారికి చట్టం నేర్పింది కూడా నేనేనన్నాను. నిజానికి నేను వకీలు గారి గుమాస్తాను, ఆయన ఫైళ్ల సంచీ మోసేవాణ్ణి. చేతిరాత గుండ్రంగా ఉంటుందని కాగితాలు రాయడానికి పిలిచేవారు, వాటిలోనూ సగం పొలం గెట్ల గురించీ బర్రెల గురించీ.

మా చెల్లె కూతురి, అంటే ఈ పెళ్లికొడుకు తల్లి పంచాయితీ పసుపు ఉడకబెట్టే రోజుల్లో జరిగింది. కళ్లంలో ఆరబోసిన కొమ్ముల మీద ఆమె పిల్లలిద్దరూ, ఏడేళ్ల అక్కా నాలుగేళ్ల తమ్ముడూ, ఒకరినొకరు తరుముకుంటూ మోకాళ్ల దాకా పచ్చగా అయిపోయారు. మేము మంచాల మీద కూర్చుని, పెట్టిన బంగారం ఎవరిది, బోళ్లు ఎవరివి, పాలిచ్చే బర్రె ఎవరిదని పొద్దంతా కొట్లాడాము గానీ, పిల్లల మాట వచ్చేసరికి ఛాయ్ తాగినంత సేపు కూడా పట్టలేదు. మగపిల్లవాడు తండ్రి వంశం, ఆడపిల్ల తల్లికి తోడు. తక్కెడ సమంగా తూగిందని అందరి ముఖాలూ తేటపడ్డాయి.

ఆ రోజు నేను లేచి నిలబడి, పిల్లలు పంచుకునే సొమ్ము కాదని గద్దించానని మొన్నమొన్నటి దాకా చెబుతూ వచ్చాను. గద్దించలేదు. కలం మూత తీసి, "కొడుకు తండ్రి వద్ద, కూతురు తల్లి వద్ద ఉండగలరనియు, ఒకరి వద్దనున్న సంతానముపై మరొకరికి ఎట్టి హక్కు గాని ఆశ గాని లేదనియు" అని రాశాను. ఆశ గాని అన్న మాట నా సొంతం. అంతకు ముందు ఎవరి కాగితంలోనూ లేదు. భలే కుదిరిందనుకున్నాను.

పిల్లవాణ్ణి తండ్రి ఇందల్వాయి తీసుకుపోయాడు. మొదటి ఏడు రాఖీ పున్నమికి మా చెల్లె కూతురు, పిల్లను వెంటబెట్టుకుని బస్సెక్కి వెళ్లింది. ఆయన వాకిట్లోకి వచ్చి, కాగితంలో రాకపోకల మాట లేదు కదా అని మర్యాదగానే అడిగాడట. లేదు మరి. నేను రాయలేదు. పిల్ల ఆ రాఖీని గుప్పిట్లో పట్టుకునే తిరిగి వచ్చింది. మరుసటేడు వెళ్దామని అడగలేదు.

పెళ్లి భోజనాల దగ్గర ఆ పిల్ల, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, అన్నం కెలుకుతూ తన సంగతి చెప్పింది. మొగుడితో పొసగడం లేదు, విడిపోవడం ఖాయమైపోయింది. "ఆదివారం సిరికొండల పంచాయితికి కూసుంటుండ్రు తాతా. కొడుకు ఆయనకు, బిడ్డ నాకు."

నాకు తెలిసిందంతా అక్కడే చెప్పాను, ఈసారి గోరంత కూడా పెంచకుండా. పెద్దమనుషుల స్టాంపు కాగితంతో విడాకులు కావనీ, రేపు ఎవరు మళ్లీ పెళ్లి చేసుకున్నా అది చిక్కేననీ. ఏడాదిగా వేరుగా ఉంటే ఇద్దరూ కలిసి కోర్టులో అర్జీ పెట్టుకోవచ్చనీ, జడ్జి సాధారణంగా ఆరు నెలలు ఆగమంటాడనీ. పిల్లలెక్కడుండాలో తేల్చేటప్పుడు వంశం చూడరనీ, వాళ్ల మంచి చూస్తారనీ, ఐదేళ్లలోపు పిల్లలైతే మామూలుగా తల్లి దగ్గరే ఉంచుతారనీ. పిల్లల ఖర్చు పిల్లల హక్కు కాబట్టి, నాకేమీ వద్దని తల్లి సంతకం పెట్టినా అది రద్దు కాదనీ. ఎవరి దగ్గరున్నా, ఏ సెలవులకు, ఏ పండుగకు ఎక్కడికి వెళ్తారో, బడి ఫీజు ఎవరు కడతారో, దవాఖాన ఖర్చు ఎవరిదో ఒక్కొక్కటీ రాయించుకోవాలనీ. వకీలుకు డబ్బుల్లేవని ఫికర్ పడొద్దు, ఆడవాళ్లకు ఉచితంగా వకీలును పెట్టే ఆఫీసు కోర్టు ఆవరణలోనే ఉందనీ.

ఎంగిలి చేయి ఎండిపోయేదాకా విన్నది.

"ఇవన్ని అప్పుడు నీకు ఎరుక లేవా తాతా?"

"సగం ఎరుకేనే," అన్నాను.

ఆమె లేచి చేయి కడుక్కోవడానికి వెళ్లింది.

ఆదివారం సిరికొండ వెళ్లాను. గుమాస్తా సాబ్ వచ్చిండని కుర్చీ వేశారు, ఛాయ్ ఇచ్చారు, చెప్పిందంతా తలూపుతూ విన్నారు. చివరకు వాళ్లలో పెద్దాయన, "కోర్టు పొంటి తిరిగి చెప్పులరిగినోళ్లను నువ్వే మస్తుమందిని చూసినవ్ గద సాబ్. గీ పద్దతి మీరు పెట్టిందే గదా," అన్నాడు. అందరూ నవ్వారు, ప్రేమగానే. ఆమె మొగుడు నవ్వలేదు. సంతకం పెడితే ఒక్కరన్న దక్కుతరు, కోర్టుకెక్కితే ఇద్దరిని పంపనని మెల్లగా అన్నాడు. అలా బెదిరించడం చెల్లదని నేను చెబుతూనే ఉన్నాను. ఆమె నా వైపు చూడకుండా కాగితం అందుకుంది.

ఆ కాగితం జిరాక్స్ సెంటర్‌లో కంప్యూటర్ మీద తీయించినది. సంతకానికి ముందు ఒకాయన దాన్ని పైకి చదివాడు. ఎట్టి హక్కు గాని ఆశ గాని లేదనియు, అని వచ్చింది. ఒక్క క్షణం, చెప్పడానికి సిగ్గుగా ఉంది, నా ఛాతీ ఉబ్బింది. అంతలో బయట ఆమె కొడుకు చెల్లెను సైకిల్ వెనక ఎక్కించుకుని వాకిలి చుట్టూ తిప్పుతూ గంట కొట్టాడు.

ఆ సంతకంతో ఏదీ అయిపోలేదని, కోర్టు తలుపు ఇంకా తెరిచే ఉందని ఇప్పటికీ ఫోన్ చేసి చెబుతుంటాను. పసుపు తవ్వుడు అయినంక చూద్దాం తాతా అంటుంది. ఆ గొంతు నేను ఎరుగుదును, రాఖీ వెనక్కి తెచ్చుకున్న పిల్ల గొంతు అది.

పసుపు ఉడికించే కడాయిలు పోయి బాయిలర్లు వచ్చాయి. కోర్టంటే వణికిన కాలం పోయి, ఆటో ఎక్కితే దాని గేటు ముందే దిగే కాలం వచ్చింది. చేతిరాతలు పోయాయి, వాటితోపాటు నా గిరాకీ కూడా. పోనిది ఆ వాక్యం ఒక్కటే. మొన్న ఆగలేక ఆ జిరాక్స్ సెంటర్‌కు వెళ్లి, దాన్ని కంప్యూటర్‌లోంచి తీసేయమని బతిమాలాను. దుకాణం ఆయన వింతగా చూశాడు. "ఎందుకు తాతా, మంచిగ నడుస్తది గిది. పేర్లు మారిస్తె అయిపాయె. ఎవరు రాసిండ్రో గని," అన్నాడు.

ఎవరు రాశారో నాకు తెలియదని చెప్పాను. నా గురించి నేను తక్కువ చేసి చెప్పుకోవడం, బహుశా అదే మొదటిసారి.