ఊదిందా, పీల్చిందా

ఆస్ట్రేలియాలోని టూవూంబాలో మేమున్న యూనివర్సిటీ ఫ్లాట్లలో గోడకి అవతల ఒక చైనా అమ్మాయి ఉండేది. పరిశోధన చేసేది. తన ఊరి నుంచి షెంగ్ అనే వాద్యం తెచ్చుకుంది. చిన్న ఇత్తడి గిన్నెలో వెదురు గొట్టాలు గుచ్చి నిలబెట్టినట్టుంటుంది. ఏ గొట్టానికున్న రంధ్రాన్ని వేలితో మూస్తే ఆ గొట్టం పలుకుతుంది. ఊదినా మోగుతుంది, పీల్చినా మోగుతుంది. రెండేళ్లు నిండని మా పాపకి అదొక వింత. ఆమె ఒళ్లో కూర్చుని ఊదేది, పీల్చేది, నవ్వేది. ఎంగిలి అని నా మనసు పీకుతున్నా, పరాయి చోట దొరికిన ఒక్క తోడు, ఏమంటాను?

ఆ మధ్యాహ్నం నేను వంటింట్లోంచి వచ్చేసరికి పాప ఆమె ఒళ్లో షెంగ్ పట్టుకుని దగ్గుతోంది. చేతికి కట్టిన దిష్టిపూసల దారం తెగింది. కార్పెట్ మీద పూసలన్నీ ఏరాను. ఆ దారానికి నల్లపూసకో తెల్లపూస చొప్పున గుచ్చింది నేనే. జతలు పేరుస్తూ పోతే చివర ఒక తెల్లపూస ఒంటరిగా మిగిలింది. దాని జత నల్లపూస పాప నోట్లో పడి ఉంటే?

"ఊదిందా? పీల్చిందా?" అని ఆమెను ఇంగ్లీషులో అడిగాను.

"రెండూ చేసింది" అంది. ముఖం పాలిపోయింది.

అంబులెన్స్‌కి ఫోన్ చేశాను. తర్వాత యూనిలో ఉన్న మా ఆయనకి.

"వారం నుంచి జలుబుందిగా, ఆ దగ్గేమో. నువ్వు ప్యానిక్ అవకు. ఏడుస్తోందా?"

"ఆఁ, ఏడుస్తోందండీ."

"ఏడుస్తోందంటే గాలి ఆడుతున్నట్టే కదా!"

"ఏడిస్తే ఇంకా లోపలికి పోదూ?"

"వస్తున్నా" అని పెట్టేశారు.

ఆమె షెంగ్‌ను తలకిందులు చేసి దులిపింది. ఏమీ రాలలేదు. ఒక్కో గొట్టమూ పలికించి చూసింది. ఒకటి పలకలేదు.

"పూస అక్కడే ఉంది!" అన్నాను.

"తేమ చేరినా ఇలాగే అవుతుంది, సిస్టర్."

"తీసి చూడు."

ఆమె గడియారం వంక చూసింది. సాయంత్రం యూనివర్సిటీ హాల్లో ఆమె కచేరీ. గొట్టాలు మైనంతో అతికించి ఉంటాయి, ఒకటి లాగితే శ్రుతి చెడుతుంది, సరిచేసేవాళ్లు ఇక్కడెవరూ లేరని తనే నాకు చెప్పింది. అన్నీ తెలిసే అడిగాను.

"ప్లీజ్" అన్నాను, ఆమె ముఖం చూడకుండా.

హాట్‌ప్లేట్ వేసి గిన్నె అంచును వేడి చేసింది. మైనం మెత్తబడ్డాక గొట్టాన్ని మెల్లగా కదిపి లాగింది. దాని అడుగున, గాలికి అదిరి పలికే గోరుముక్కంత ఇత్తడి రేకు. ఆ రేకు పక్కన మైనంలో ఇరుక్కుని నల్లపూస.

దాన్ని తెచ్చి ఒంటరి తెల్లపూస పక్కన పెట్టాను.

అంబులెన్స్‌లో వచ్చినతను పాప ఛాతీ విని, "ఉత్త జలుబే. షీల్ బీ రైట్, లవ్" అని ఇక్కడివాళ్ల మాటతీరులో ధైర్యం చెప్పి వెళ్లాడు. మా ఆయన వచ్చేసరికి పాప బిస్కెట్ తింటోంది.

సాయంత్రం హాల్లో వెనక వరసలో పాపను భుజాన వేసుకుని కూర్చున్నాను. ఆ గొట్టాన్ని గుచ్చి అతికించింది గానీ శ్రుతి కుదరలేదు. పాట దాని దగ్గరికొచ్చినప్పుడల్లా ఆమె వేలు రంధ్రాన్ని మూయకుండా దాటిపోయింది. అక్కడొక చిన్న ఖాళీ. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఖాళీ వచ్చిన ప్రతిసారీ నేను పాప వీపు మీద చెయ్యి ఆనించి, ఊపిరి ఆడుతోందో లేదో చూసుకున్నాను.