సద్ది పిలుపు

సముద్రం అవతల, ఇపో ఊరి దగ్గరి ఆ రబ్బరు తోటలో పోలమ్మ గొంతు ఎరగనివాళ్లు లేరు. రామభజనలో ఆడవాళ్లు వెనక కూర్చుని వంత పాడాలి. పోలమ్మను మాత్రం ముందుకు పిలిచి తాళాలు చేతికిచ్చారు. "ఆడది ముందు కూకుంటే రాముడు లేసెల్లిపోతాడు" అని ముసలాళ్లు సణిగారు. మొదటి చరణం అయ్యేసరికి వాళ్లే కళ్లు తుడుచుకున్నారు.

తోటలో సద్ది పిలుపు కూడా ఆమెదే. పొద్దెక్కాక తన చెట్ల వరసలో నిలబడి, గొంతు ఆకుల పైకి లేపి, "సద్దికి రండో..." అని సాగదీసేది. ఆ రాగం చెవిన పడితే చెట్లు గీసే కత్తి ఎక్కడిదక్కడ వదిలేసి, గొంతు వినిపించిన వైపుకే అడ్డదారిన నడవడం కూలీల అలవాటు. అందరికన్నా ముందు ఆమె మొగుడు కాంతయ్య వచ్చేవాడు.

"కూటికి కాదే, నీ కూతకి వచ్చినాను" అనేవాడు.

నలభై ఎనిమిదిలో తెల్లదొరల ప్రభుత్వం ఎమర్జెన్సీ పెట్టింది. కూలీల సంఘాన్ని మూసేశారు. సంఘంలో తిరిగిన కాంతయ్య పోలీసులకు భయపడి అడవిలోకి పోయాడు. కూలీల ఇళ్ల చుట్టూ ముళ్లకంచె లేచింది. అడవిలో దాక్కుని దొరల మీద తిరగబడేవాళ్లకు చేరుతుందని అన్నం మూట కంచె దాటనివ్వలేదు. సద్ది పిలుపు ఆగిపోయింది.

కొన్నేళ్లకు ఒక తెల్లదొర, తోట గుమాస్తా రెంగసామిని వెంటబెట్టుకుని వచ్చాడు. మైకులు కట్టిన విమానం అడవి మీద తిరుగుతోందట. అందులో పెళ్లాం గొంతు వింటే కాంతయ్య చేతులెత్తి రోడ్డు మీదికి వస్తాడట. ప్రాణానికి హాని లేదట.

గొంతు పట్టే యంత్రం ముందు ఆమెను కూర్చోబెట్టారు.

"'కాంతయ్యా, వచ్చీయ్' అను" అన్నాడు రెంగసామి.

"మొగుడి పేరు ఎలగ పలుకుతాను బాబూ?"

"ఇప్పుడా సిగ్గు! దొర కాసుకున్నాడు లా." మాట చివర అక్కడివాళ్ల 'లా' తగిలించాడు.

"సిగ్గు కాదు. పలికితే ఆయనకి ఆయుస్సు తగ్గుతాది."

"పోనీ, ఏదో ఒకటి పాడు. నీ గొంతు ఆడికి తెలీదేటి?"

ఆమె నోటికొచ్చింది ఒక్కటే. సద్ది పిలుపు పాడింది. ఆ వెనకే రెంగసామి, రోడ్డు మీదికి రమ్మని, చేతులెత్తమని అరవంలో చదివాడు.

విమానం వెళ్లింది. పోలమ్మ రోజూ ఆయన వంతు అన్నం వండి మూత పెట్టింది.

ఒక పొద్దున కాంతయ్య వచ్చాడు. రోడ్డు మీదికి కాదు. అడ్డదారిన, ఆమె గీసే చెట్ల వరసలోకి. చేతులెత్తలేదు. సద్దికి వచ్చే మనిషి చేతులెందుకెత్తుతాడు? చెట్ల చాటున కాపు కాసిన సిపాయిలు కాల్చారు. నాలుగు చెట్ల అవతల పోలమ్మ రబ్బరు పాల బకెట్టు వదిలేసి పరిగెత్తింది. ఆయన కళ్లు తెరుచుకునే ఉన్నాయి.

ఆ తరువాత ఆమె తాళాలు ముట్టలేదు. పెళ్లికి పిలిచినా, భజనకు పిలిచినా తల అడ్డంగా ఊపేది.

మెర్దెకా వచ్చింది, దేశానికి స్వతంత్రం. ఇపో మైదానంలో వేదిక కట్టారు. రెంగసామి మళ్లీ వచ్చాడు. "మన కూలోళ్లలో ఏ ఆడదీ ఎక్కని మెట్లు పోలమ్మా. ఒక్క పాట."

"మైకుంటాదా?"

"ఊరంతా ఇనపడతాది లా!"

ఆమె వెళ్లింది. ఉతికిన తెల్లచీరతో మెట్లెక్కి మైకు ముందు నిలబడింది. జనం సద్దుమణిగారు. ఆమె పాడలేదు.

"కాంతయ్యా" అంది. ఇంకోసారి అంది, చెట్ల పైకి లేపే ఆ గొంతంతా ఎత్తి. ఇంక తగ్గడానికి ఆయుస్సు లేదు కదా.

పాట మొదలైందనుకుని జనం చప్పట్లు కొట్టారు.